తొమ్మిది వీపులు

దీవులు ఎలా ఉన్నాయని అడిగితే నేను చెప్పలేను.
రెండు రోజులు నేను చూసింది టార్కిల్ వీపు.

లూయిస్ ఉత్తరపు కొసన, ఎర్ర ఇటుకల దీపస్తంభం కింద
తెల్లవారుజామున తొమ్మిదిమందిమి చేరాం
వేళ్ళ మీద ఊదుకుంటూ.
దక్షిణాన వాటర్సే దాకా దాదాపు మూడొందల కిలోమీటర్లు.
తెలివైనవాళ్ళు అటునుంచి ఇటు తొక్కుతారు
గాలిని వీపున కట్టుకుని.
మేం ఇటునుంచి అటు.
"ఎప్పుడూ గాలివాటంగానేనా?" అన్నాడు ముర్డో,
వలలు బాగుచేసే మనిషి, అరవై ఎనిమిదేళ్ళు.
ఆలోచన అతనిది,
అందుకే దారిపొడవునా తిట్లూ అతనివే.

ఎదురుగాలిలో ముందున్నవాళ్ళదే భారం.
మిగతావాళ్ళం ఆ గాలిమరుగులో దాక్కుని
చక్రానికి జానెడు దూరంలో చక్రం.
ఐదు నిమిషాలకో వంతు.
మోచెయ్యి విదిలిస్తే
నా పని అయిపోయింది, నువ్వు రా అని.
మాటలుండవు.
పెదవి దాటీ దాటకముందే గాలి లాక్కుపోతుంది.

టార్కిల్ పచ్చకోటుకి భుజం దగ్గర ఒక చిరుగు,
ఎవరో నీలం దారంతో కుట్టారు.
పద్నాలుగు కుట్లు.
చాలాసార్లు లెక్కపెట్టాను, ఒక్కసారి పదిహేనొచ్చాయి.
ఎత్తు మొదలయ్యే ముందు
అతని ఎడమ భుజం కాస్త కుంగేది,
అది చూసి నేను గేరు మార్చేదాన్ని.
కొండ సంగతి నాకలాగే తెలిసేది.

క్లిషమ్ కొండ మాత్రం వేరు.
ఒక్క చెట్టు లేదు. వాన అడ్డంగా కొడుతోంది,
రోడ్డు మధ్యన నిలబడి ఒక గొర్రె
అప్పులవాణ్ణి చూసినట్టు చూసింది మమ్మల్ని.
అక్కడ వరస తెగింది.
ఎవరి ఊపిరి వాళ్ళది, ఎవరి గొలుసు కరకర వాళ్ళది.
టార్కిల్ మలుపు తిరిగి మాయమయ్యాడు.
చూడ్డానికి వీపు లేకపోయేసరికి
ఏవేవో గుర్తొచ్చాయి.
అవి ఇక్కడ రాయను.

ఫెర్రీ దిగి బెర్నరే చేరేసరికి చీకటి.
ఊరి హాల్లో డోలీనా చేసిన బార్లీ సూప్,
హీటరు మీద పద్ధెనిమిది సాక్సులు.
పొద్దున్నకి పదిహేడు.
ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

యూయిస్ట్‌లో దారి చదునే. గాలే కొండ.
మామూలు కొండకైతే శిఖరమన్నా ఉంటుంది,
దీనికి ఎక్కడమే.
ఒక వంతెన మొదట్లో బోర్డు:
నీటికుక్కలు దాటే చోటు, నెమ్మదిగా వెళ్ళండి.
గంటకి పదకొండు కిలోమీటర్ల మీదున్నాం.
ముర్డో బోర్డుకి సెల్యూట్ కొట్టాడు.
ఒక్క నీటికుక్కా బయటికి రాలేదు. వాటికి బుద్ధుంది.

కాజిల్‌బే దాటాక ఆఖరి ఎత్తు,
నిచ్చెన వాల్చినట్టు నిట్రంగా.
ముర్డోకి పిక్క పట్టేసింది. దిగి నడిచాడు.
మేమూ దిగబోతే గేలిక్‌లో ఏదో అన్నాడు
మళ్ళీ గబగబా ఎక్కి తొక్కాం.
పైన బిస్కెట్లు నములుతూ ఆగాం
అతని ఎర్రటోపీ మలుపులో పొడుచుకొచ్చేదాకా.

వాటర్సేలో రిబ్బను లేదు, చప్పట్లు లేవు.
దారి ఒక గేటు దగ్గర అయిపోయింది.
అవతల ఆవు నెమరేస్తోంది.
టార్కిల్ వెనక్కి తిరిగాడు,
కనుబొమల మీద ఉప్పు చారలతో.
క్షణంపాటు పోల్చుకోలేదు నేను.
కుట్ల సంగతి చెబితే
"మా నాన్న కుట్టాడు, రంగులు కనపడవు ఆయనకి" అన్నాడు.

ఓయ్‌రిక్ ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది.
రెండు రోజులూ నా వెనకే తొక్కిన మనిషి.
ఆమె ఏం చూసి ఉంటుందో
అంతవరకూ నాకు తట్టనే లేదు.

"క్లిషమ్ మీద నీ భుజాలు ఏడ్చాయి," అంది నెమ్మదిగా.
"వణుకేమో అనుకున్నా.
చలికైతే అలా ఆగి ఆగి రాదు.
నిన్ను దాటిపోవచ్చు, పోలేదు."

ఏదో అన్నాను.
గాలి లాక్కుపోతుందనే ధైర్యంతో అన్నాను.
సరిగ్గా అప్పుడే పడిపోయింది
రెండు రోజుల గాలి.