పదకొండో కిలోమీటరు

ఆగిపోయిన బండి అబద్ధమాడదు.
తోసుకొచ్చినవాడు ఆడతాడు, కొంచెం.
"నేనేమీ ముట్టుకోలేదు" అన్నాడు షర్షెన్ తాత,
జేబులోంచి స్క్రూడ్రైవర్ పిడి
బయటికి తొంగిచూస్తుండగా.

కొచ్‌కోర్‌లో అక్టోబరు.
నా షెడ్డొక పాత సరుకుల కంటైనరు,
పొద్దున పానా పట్టుకుంటే వేలి తోలు దానికే అంటుకుంటుంది.
బండి ఇజ్ ప్లానెటా, నాకంటే పదేళ్ళు పెద్ద.
పెట్రోలు మూతకి ఎర్ర నమదా టోపీ,
దాని మీద పొట్టేలు కొమ్ముల కుట్టు.
"మా అనార్కాన్ కుట్టింది, వాన పడకుండా,
లోపల తోలు వేసి, గొర్రె కొవ్వు పట్టించి."
పక్క తొట్టిలో నిజం గొర్రె ఒకటి,
దిగనని భీష్మించుకుని.

ముందసలు స్టార్టే కాలేదు.
ఎడమ కాలితో పద్నాలుగు తన్నులు తన్నాను,
పదిహేనోసారి అదే నన్ను తన్నింది.
ప్లగ్గు విప్పితే తడి.
పెట్రోలు గుటకలేసి పొలమారి ఉంది పాపం.
తుడిచి, టీ పొయ్యి మీద వెచ్చజేసి,
ఇంజను తలకి ఆనించి తొక్కాను.
రవ్వ వచ్చింది గానీ పసుపుపచ్చగా,
కామెర్లవాడి కన్నులా.
నీలంగా రావాలి. టప్పుమనాలి.
పాయింట్ల సందు అగ్గిపెట్టె అట్టతో కొలిచి సరిచేశాను,
నాకు పని నేర్పినాయన కొలత అది.
ఆ అగ్గిపెట్టెల కంపెనీ ఎప్పుడో మూతపడింది,
అట్టముక్క మాత్రం నా టోపీ మడతలో ఉంది.

బండి లేచింది. వీధంతా నీలిపొగ.
మధ్యాహ్నానికి తిరిగొచ్చింది,
ఎవరిదో గుర్రం వెనక, తాడుతో.

"పదకొండో కిలోమీటరు దగ్గర" అన్నాడు.
"ఎప్పుడూ అక్కడే, వంతెన దాటాక.
ముందు గొంతు సన్నబడుతుంది, తర్వాత పోతుంది.
దిగి, మూత తీసి పెట్రోలుందని చూసుకుని,
మళ్ళీ తంతే మాట వింటుంది.
ఇవాళ కాలు నొప్పెట్టి గుర్రాన్ని పిలిచా."

వేడెక్కితే మొరాయించే కాయిల్, ఇంకేముంది, అన్నాను.
అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.
బిష్కెక్ వ్యాను డ్రైవరు మూడు రోజులకి కొత్తది తెచ్చాడు.
మార్చాను.
"ఈసారి పదకొండున్నర దాకా పోయిందనుకుంటా"
అన్నాడు తాత, నా మనసు నొచ్చుకోకుండా.

కార్బురేటరు విప్పి గుడ్డ మీద పరిచాను.
ఫ్లోటుని చెవి దగ్గర ఆడించి విన్నాను, చిల్లేమీ లేదు.
జెట్టుని నోటితో ఊదాను,
రెండు రోజులు నా టీ అంతా పెట్రోలే.
గొట్టం మార్చాను. గొర్రె నన్నే చూస్తోంది.

చివరికి నేనే తీసుకెళ్ళాను.
వంతెన దాటింది. గొంతు సన్నబడింది.
ఆగింది.
అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు,
దూరంగా ఎవరో కుక్కని తిడుతున్నారు, అంతే.
తాత చేసినట్టే మూత తిప్పాను.

స్స్‌స్...

లోపలికి.
నీళ్ళలోంచి తల పైకెత్తినవాడు పీల్చినట్టు
ట్యాంకు గాలి పీల్చుకుంది.

మూతకి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది.
దిగిన పెట్రోలంత గాలి పైనుంచి రావాలి దానికి.
అనార్కాన్ చేతిపని గట్టిది,
కొవ్వు పట్టిన తోలు రంధ్రం మీద
అరచెయ్యిలా పరుచుకుంది.

రోడ్డు పక్కనే కూర్చుని, దబ్బనంతో,
కొమ్ము మెలిక కింద ఎవరికీ కనబడని చోట
ఒక్క పోటు పొడిచాను.

"ఏంటి జబ్బు?" అన్నాడు తాత.
"గాలి" అన్నాను.
ఆయన టోపీ వైపు చూశాడు. నా చేతిలో దబ్బనం చూశాడు.
"ఆవిడకి కాయిలే అని చెబుదాం" అన్నాడు.

వారం తిరిగాక, ఇవాళ పొద్దున,
షెడ్డు తాళంకప్పకి కొత్త చొక్కా,
నా వేళ్ళు ఇనుముకి అంటుకోకుండా,
ఎర్ర నమదా, పొట్టేలు కొమ్ములు,
రాత్రికి రాత్రి వచ్చి చుట్టూ బిగించి కుట్టేసి వెళ్ళింది,
తాళంచెవి దూరే చోటుతో సహా.

దబ్బనం లోపల ఉంది.