కొత్తిమీర కాదు

వచ్చిన కొత్తల్లో
కట్ట చూసి కొత్తిమీర అనుకొన్నా.
చారులో తుంచి వేస్తే
చారు నన్ను గుర్తుపట్టలేదు.
ఆ ఇంటి చిన్నపిల్ల దలాల్ నవ్వి పేరు చెప్పింది: బగ్దూనిస్.
ఏడేళ్లయింది.
ఇప్పుడు కళ్ళు మూసుకొని
కాడ నలిపి చెప్తాను ఏది ఏదో.

ఈ శుక్రవారం సెలవు.
ఫర్వానియాలో నాలుగో అంతస్తు,
లిఫ్టు ఉంది గానీ లేదు.
ఓబులమ్మక్క గదిలో ఆరుగురం,
ఒక కిటికీ, ఒక మిక్సీ.
మిక్సీకి మూత పోయి రెండేళ్లు;
స్టీలు తట్ట బోర్లించి
షంషాద్ మోచేత్తో అదిమిపట్టాలి.

"గడ్డి తినేదానికా ఇంత దూరం వచ్చింది నేను?"
చక్కెర జబ్బని తేలింది అక్కకి.
అన్నం తగ్గించు, ఆకులు తిను అన్నాడు డాక్టరు.
వారం నుంచీ ఖస్ ఆకులు
ఉప్పైనా లేకుండా నములుతా ఉంది,
మేకైనా మొహం తిప్పుకొనేట్టుగా.

అందుకే మూటగట్టి తెచ్చినా.
డబ్బా అడుగున మిగిలిన లబ్నా,
మామాని అడిగే తెచ్చుకొన్నా.
అడిగే తెచ్చుకొన్నానని రెండోసారి చెప్పేసరికి
షంషాద్ నవ్వింది.

ముందు వెల్లుల్లి, ఒక్కటే రెబ్బ.
రెండేస్తే రేపు పనిలో నోరు తెరవలేం.
రాళ్ళుప్పుతో గరిటె వెనక నలిపి
దాని పొగరు అణిచినాక
పుదీనా గుప్పెడు, బగ్దూనిస్ రెండు గుప్పెళ్ళు,
షబ్త్ కొంచెం. షబ్త్ అంటే మన సోయికూరే.
కడిగి, గుడ్డలో చుట్టి
కిటికీలోంచి చెయ్యి చాపి విదిలిస్తే
కింది బాల్కనీలో బట్టలారేస్తున్న ఫిలిప్పీన్ పిల్ల
జూలై నెలలో
ఆకాశం వైపు చూసింది.

తడి మిగిలితే లబ్నా నీళ్ళగిలుతుంది.
మిక్సీ ఎక్కువ తిరిగితే ఆకు చేదెక్కుతుంది.
ఒకటి, రెండు, ఆపు.
ఇంకొక్కసారి, ఆపు.
షంషాద్‌కి ఆపడం రాదు.
"ఖలాస్!" అని అరిచినా.
ఆ ఇంటి ముసలామె నా మీద అరిచే గొంతు అది.
నా నోట్లో ఎప్పుడు కాపురం పెట్టిందో.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఏసీ నీళ్ళు బకెట్లో
టప్పు, టప్పు.

నిమ్మరసం చివర్లో.
ఆలివ్ నూనె దారంలాగ.
చెంచాతో గీత గీస్తే గీత నిలబడి
తర్వాత మెల్లగా పూడాలి, అదీ చిక్కదనం.

అక్క వేలు ముంచి నాలుక మీద పెట్టుకొని
గోడ క్యాలెండర్ వైపు చూస్తా ఉండిపోయింది.
"పెరుగు పచ్చడే గదమ్మే ఇది,
తాలింపు మర్చిపోయినావు."

మర్చిపోలేదక్కా, దీనికి తాలింపు ఉండదు.
"ఉండకపోతే ఎట్లా" అంటానే
ఆవాలు, ఎండుమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు
బాండీలో చిటపటమనిపించింది.
ఏడేళ్లు నేర్చుకొన్న పని
చుయ్‌మంటా ఉంటే చూస్తా నిలబడినా.

దోసకాయ ముక్కలు, ముల్లంగి, ఆ ఖస్ ఆకులే,
ఆరుగురం ఒకే తాంబాళంలో.
బాగుంది.
ఆమె ముందు అనకూడదు గానీ
బాగుంది.

చెప్పులేసుకొంటుంటే కొలత అడిగింది అక్క.
గుప్పెడన్నా.
"నీ గుప్పెడా, నా గుప్పెడా?"
పిడికిలి తెచ్చి నా పిడికిలి పక్కన పెట్టింది.
నాదానికి ఒకటిన్నర ఉంది.

చెప్పులు విడిచి
మళ్ళీ లోపలికొచ్చినా.