బోసినోరు

శుక్రవారం డాక్టరమ్మ వస్తుంది.
వారాంతానికి నేల బిగుసుకుంటుందని రేడియో అంది.
ఆలోపల గొయ్యి అయిపోవాలి.
ఆర్డిత్ ఫోనులో చెప్పింది ఇంతే.
ఏడవలేదు. "డీజిలు ఖర్చు నాది" అంది.

వెర్మాంట్ కొండల్లో
పైన జానెడు పచ్చిక, కింద రాళ్ళ కాపురం.
ప్రతి చలికాలం నేల కొత్త రాళ్ళను మోసి
వసంతానికి కని పైకి తోస్తుంది.
నున్నటి అంచు బకెట్టు దించి ముందుకు నెట్టాను.
పచ్చిక మీద జారిపోయింది,
పళ్ళు లేని ముసలాయన చెరుకుముక్కని చప్పరించినట్టు.
ముందు చక్రాలు లేచాయి,
వెనకవి ఉన్నచోటే తిరిగి బురద చిమ్మాయి.

"పళ్ళు తగిలించు, ఎప్పుడో కొన్నావుగా."

కొన్నాను. రెండేళ్ళుగా షెడ్డు గోడకి ఆనించి ఉంది,
ఎనిమిది పళ్ళ ఇనుప పట్టీ,
అయిదడుగుల పొడుగు, ఇద్దరెత్తితేగాని కదలని మొండిది.
కన్నాలు వేయడానికి నా బద్ధకం.

ఇంజను ఆపి, బకెట్టు కింద దుంగలు పెట్టి
పట్టీని అంచు మీదికి ఎక్కించాం.
ఈ కొస కూర్చుంటే ఆ కొస లేస్తుంది.
డెబ్భై ఆరేళ్ళ ఆర్డిత్ బూటుకాలితో తొక్కిపట్టింది.
నేను సుత్తితో రెండు, ఇంకో రెండు.
పక్కరేకు మీద సుద్దగుర్తు, దాని నడుమ పంచి గాటు,
డ్రిల్లు నెమ్మదిగా, నూనె చుక్క చుక్కగా.
తొందరపడితే ఏమవుతుందో
మాడిపోయిన మూడు బిట్లు నాకు నేర్పాయి.
ఉక్కు కీచుమంది.
నీలిరంగు చుట్టలు మంచుగడ్డి మీద రాలి చల్లారాయి.

ఒక్కో పక్క రెండు బోల్టులు. మధ్యలో ఏమీ లేదు.
మట్టి ఎంత నెడితే
పట్టీ అంత గట్టిగా కరుచుకుంటుంది.

అంతసేపూ హేజెల్ కంచె మీద మెడ ఆనించి చూసింది.
గుర్రానికి ముప్పై ఒకటో ఏడు.
మొన్న డాక్టరమ్మ నోరు తెరిపించి,
వేలితో తడిమి, ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుందట.
దంతాలు చిగుళ్ళదాకా అరిగిపోయాయి.
గడ్డి నములుతుంది, మింగలేదు,
ఉండచుట్టి వదిలేస్తుంది.
పాక గుమ్మం నిండా పచ్చటి ఉండలు.

ఈ పొలం రాళ్ళన్నీ అదే ఈడ్చింది,
చెక్కబల్ల మీద, ఏప్రిల్ తర్వాత ఏప్రిల్.
అదుగో, ఆ గోడంతా.
పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గాని
ఆర్డిత్‌కి ఏ రాయి ఏ ఏడాదిదో తెలుసు.

మొదటి గేరు. మూతి వంచి, దించి, ముందుకు.
తొలి పోటుకే పచ్చిక చిరిగింది.
వేళ్ళు పటపటమన్నాయి.
రాయి పంటికి తగిలిన ప్రతిసారీ
ఆ అదురు లివరులోంచి నా మోచేతికి,
మోచేతిలోంచి దవడకి.
నేనూ పళ్ళు బిగించే ఉన్నానని అప్పుడు తెలిసింది.

"ఎంత లోతు?"
"పడుకుంటే చెవులు కూడా కనబడకూడదు."

వాలుగా దిగుతూ, వెనక్కి వస్తూ, మళ్ళీ దిగుతూ
నాలుగు గంటలు.
ఆఖరికి ఆవిడ లాంతరు పట్టుకుని నిలబడింది,
ట్రాక్టరుకి దీపాలున్నా.

శుక్రవారం హేజెల్ తన కాళ్ళ మీదే నడిచివచ్చింది.
దాని గురించి నేనింకేమీ చెప్పను.

డాక్టరమ్మ కారు మలుపు తిరిగాక
మట్టి తోయబోతే ఆర్డిత్ చెయ్యి అడ్డం పెట్టింది.
"పళ్ళు తియ్యి."

నాలుగు బోల్టులు. చలికి ఇనుము వేళ్ళని అంటుకుంటోంది.
విప్పిన నట్టు విప్పినట్టే ఆవిడ చేతికిచ్చాను.
కోటు జేబులో వేసుకుంది,
నిన్నటిదాకా తురిమిన కారెట్టు మోసిన జేబు.

బోసినోటితో కప్పాను, ముద్ద ముద్దగా.
ఆఖర్న బకెట్టు బోర్లించి వెనక్కి లాగుతూ సాపుచేశాను.
ఒక్క గీత పడలేదు.

నట్లు ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నాయి. అడగలేదు.
మార్చిలో వాగుగట్టు తవ్వాలి.
కొట్లో నాలుగు కొత్తవి కొన్నాను,
అర అంగుళానివి.