అరగంట

విశ్వవిద్యాలయంలో మూడో భవనం, నేలమాళిగ.
కిటికీ లేదు.
సెయింట్ జాన్స్‌లో బయట వానో మంచో
ముప్పై ఒక్క ఏళ్ళు నేను
మెట్లు దిగివచ్చినవాళ్ళ బూట్లు చూసే చెప్పాను.

చేరిన కొత్తలో నా పని క్యాసెట్లు పంపడం.
నర్సింగు, లెక్కలు, స్నెల్‌గ్రోవ్ గారి చరిత్ర.
ఆయన దగ్గు కూడా పాఠంలో భాగమే.
జవాబు పత్రంలో ఎవరో రాశారు:
"ఇక్కడ మాస్టారు దగ్గుతారు, తర్వాత యుద్ధం మొదలవుతుంది."
గోధుమరంగు కవర్లు, తీరం పొడుగునా
పడవ ఆగే ప్రతి రేవుకీ.
సముద్రం గడ్డకడితే పడవ రాదు.
పరీక్ష ఫిబ్రవరిలో అయిపోయేది,
పాఠం మే నెలలో చేరేది.

కాడ్ చేపల వేట ఆపేసిన తరువాతి ఏడు
వలలు అటకెక్కాయి, మనుషులు బడికొచ్చారు.
చేతులనిండా ఉప్పు కోసిన గీతలు.
మౌస్‌ని
పీతను పట్టుకున్నట్టు, వెనకనుంచి,
కొండి తగలకుండా పట్టుకున్నారు.
ఏంబ్రోజ్ పిట్‌మన్ అని ఒకాయన అడిగాడు:
"ఇది నొక్కితే నా రాత ఎక్కడికి పోతుంది?"
అంతకన్నా మంచి ప్రశ్న
ఏ కమిటీ నన్ను అడగలేదు.

నా హోదా పేరు ఆరుసార్లు మారింది.
కుర్చీ ఒకటే.

తర్వాత తెర వచ్చింది. టొరంటో నుంచి ఒక కుర్రాడు
అరటిపండు ఒలిచినట్టు చూపించాడు.
నొక్కితే హాజరు, నొక్కితే మార్కులు,
గడువు దాటితే ఎర్రగీత, దానంతటదే.
"ఈ ద్వీపానికి ఒక గడియారం,
జలసంధి దాటితే లాబ్రడార్‌కి ఇంకొకటి.
మధ్యలో అరగంట ఉంది," అన్నాను.
నీళ్ళు నమిలాడు.
"ఒక విశ్వవిద్యాలయానికి ఒకటే గడియారం కదండీ."
బల్ల చుట్టూ అందరూ తలలూపారు.
నేనూ ఊపాను. అది రాసుకోవాలి ఇక్కడ.

జెరూషా ఒనాలిక్. ఊరు నెయిన్, లాబ్రడార్ ఉత్తరపు కొస.
పగలు వైద్యశాలలో పని, రాత్రి చంటిది ఒళ్ళో.
ఊరంతా పడుకున్నాకే అక్కడ ఇంటర్‌నెట్ కదులుతుంది.
వ్యాసం పంపింది, పదకొండూ నలభై ఒకటికి.
మా తెర మీద పన్నెండూ పదకొండు.
ఎర్రగీత. పది మార్కులు కోత.

ఆమె ఫిర్యాదు చేయలేదు.
ఏప్రిల్‌లో లెక్కలు తీస్తుంటే
'చివరిసారి కనిపించిన రోజు' అనే గడిలో
ఆ తేదీ అలాగే ఉంది, తలుపు దగ్గర వదిలేసిన
ఒంటి చేతితొడుగులా.

ఫోన్ చేశాను. గొంతు మెల్లగా ఉంది.
వెనక ఎక్కడో కెటిల్ ఈల వేస్తోంది.
"మీ గడియారమే సరైనదనుకున్నాను," అంది.
తప్పు తనదేనని
ఆమెకి అంత బాగా నేర్పింది మేమే.
ఆ ఒక్క పాఠం మాత్రం వేళకి చేరింది.

పద్నాలుగు ఉత్తరాలు. రెండు కమిటీలు. ఒక చలికాలం.
చివరికి ఒక గురువారం
గోర్డ్ పెనీ, నేను, చల్లారిన టీ.
ఒక్క వాక్యం మార్చాం:
గడువు, మీరున్న చోట అర్ధరాత్రి.
ఎవరూ గమనించలేదు.
సరిగ్గా పనిచేసేదాన్ని ఎవరు గమనిస్తారు?

జెరూషా తిరిగి రాలేదు.
కథల్లో వస్తారు.
మొన్న సెప్టెంబరు జాబితాలో మాత్రం
ఒనాలిక్ అని ఒక ఇంటిపేరు, అదే ఊరు.
వయసు చూడవచ్చు, వివరాలు తీయవచ్చు,
తాళాలన్నీ నా దగ్గరే.
చూడలేదు.
రాత్రి పదకొండూ యాభైకి ఏదో పంపింది ఆ పేరు.
పచ్చగా చేరింది.

వీడ్కోలు రోజున గోడగడియారం బహూకరించారు,
ఇంకేమీ తోచక.
వంటింట్లో తగిలించి అరగంట వెనక్కి తిప్పాను.
మా లియో దాన్ని నమ్మి
రెండుసార్లు బస్సు పోగొట్టుకున్నాడు.
తిడుతూనే ఉన్నాడు.
గడియారం మాత్రం మార్చలేదు.