చివరి బొక్కెన

మక్వాలా పొద్దున్నే
రొట్టె కోసే కత్తిని రెండుసార్లు తుడుస్తుంది,
కోసేముందోసారి, కోశాకోసారి.
కిటికీ గూట్లో దానిమ్మపండును
పగిలినవైపు తనకు కనబడేలా తిప్పి పెడుతుంది.
ఆ మీదట అద్దం ముందు నిలబడి
నెరిసిన జుట్టు చిక్కు తీసి, మూడు పాయలు తీసి,
బిగించి అల్లుకుని
నీలం రుమాలు కట్టుకుంటుంది.

వెళ్ళేది ఎక్కడికంటారా,
నేలలో మెడదాకా పాతిన మట్టికాగులోకి.
రెండు నిలువుల లోతు. లోపల కాటుక చీకటి.
జార్జియా తూర్పుకొసన, ఈ అలజాని లోయలో
ద్రాక్షరసం చలికాలమంతా ఆ కాగుల్లోనే మాగుతుంది.
కోతలకి ముందు ఎవరో ఒకరు దిగి కడగాలి.
సన్నటి భుజాలవాళ్ళే పడతారు మూతిలో.
ఆమె భుజాలు పన్నెండో ఏటనే ఆగిపోయాయి.

"ఆ చీకట్లో జడెవరు చూస్తారు?"
వచ్చిన కొత్తలో అడిగాను.
"నేనుంటానుగా లోపల" అంది.

నేనంతకుముందు త్బిలిసీలో
బీమా ఆఫీసులో పందొమ్మిదేళ్ళు ముద్రలు కొట్టినవాణ్ణి.
"పరిశీలించడమైనది" అని ఉండేది ముద్రమీద.
ఒక్క కాగితమూ పరిశీలించలేదు.
ముద్ర మాత్రం వంకర లేకుండా పడేది,
అందుకు నాకు మంచి పేరు కూడా ఉండేది.
పైన పటారం లోన లొటారం అంటారే,
ఆ లొటారానికే జీతమిచ్చేవాళ్ళు.
ఆఫీసు మూతపడ్డాక ఇటొచ్చి
ఆమె దగ్గర తాడు పట్టుకునే పనికి కుదిరాను.

ముందు కొవ్వొత్తి దించాలి.
ఆరిపోతే లోపల గాలి మంచిది కాదు.
వెలుగుతూనే ఉంటే నిచ్చెన,
నిచ్చెన వెనకే చెర్రీ బెరడు కుంచె, బూడిద, సున్నపు నీళ్ళు.
దిగిన దగ్గర్నుంచీ ఆమె పాడుతుంది.
బాగుండదు. శ్రుతి ఎక్కడో జారి అడుగున పడుతుంది.
పాట వినబడుతున్నంతసేపూ మనిషి క్షేమం,
దాని పని అంతే.
అయినా ఒక్కోసారి
చరణం మధ్యలో టక్కున ఆగి
మళ్ళీ మొదట్నుంచి అందుకుంటుంది,
ఏదో మాట తప్పు పోయిందని.

నేను బొక్కెనలు లాగుతుంటాను.
మొదటిది చిక్కటి డికాషను.
నాలుగోది బియ్యం కడుగు.
పదకొండోది, పన్నెండోది
ఉత్త ఆకాశం.
చివరి బొక్కెనలో గ్లాసు ముంచి ఆమె తాగుతుంది.
గుటక వేశాక కాసేపు
నాలుకతో వింటున్నట్టు నిలబడుతుంది.
ఒక్కోసారి ఉమ్మేసి
ఎవరూ అడక్కుండానే మళ్ళీ దిగుతుంది.

ఈ సెప్టెంబరులో ఆమె మోకాలు వాచింది.
నువ్వు దిగు, అంది.

నా ఊపిరే ఎదురొచ్చి మొహాన తగిలింది.
నా దగ్గును గోడలు పెద్దది చేసి తిరిగిచ్చాయి.
పాటలు రావు నాకు.
గుర్తున్న పాలసీ నంబర్లు
గొంతెత్తి చదువుతూ రుద్దాను.
మూడు గంటలు.
అడుగున అరచేయంత మడ్డి
పోయినేటిది, పట్టిన పట్టు వదల్లేదు.
నాలుగుసార్లు గీకాను.
అయిదోసారి కుంచె తనంతట తానే
పక్కకు పోయింది.
దీపం అటు పడదు కదా.

పైకొచ్చి "అయింది" అన్నాను.
ఆమె తొంగి చూడలేదు.
వాసనైనా చూడలేదు.
చివరి బొక్కెనలో గ్లాసు ముంచి
నా చేతికిచ్చింది.

నీళ్ళు తేటగానే ఉన్నాయి.
మబ్బుతునక, నా గడ్డం,
ఇంకేమీ లేదందులో.
పెదవిదాకా తెచ్చాను.
ముద్రల సిరా వాసన కొట్టింది.

పారబోశాను.
ఆమె ఏమీ అనలేదు.
కుంటుకుంటూ వెళ్ళి ఇంకో కొవ్వొత్తి తెచ్చింది.

నిచ్చెన మూడో మెట్టు మీద ఆగి
వేళ్ళతోనే తల దువ్వుకున్నాను.
కింద మళ్ళీ నంబర్లు మొదలుపెట్టాను.
కుంచె ఆ మడ్డి దగ్గరికొచ్చింది.
ఏడో నంబరు దగ్గర నోరాగింది.
పైనుంచి కేక: "ఉన్నావా?"
"ఉన్నాను. తప్పు చదివాను.
మొదట్నుంచి చదువుతున్నా."