చేయి తిరగడం

ఎక్స్‌రేలో ఏడు మరలు.
వాటి కింద ఒక చిన్న రేకు,
వదులైన తలుపుకు బందు బిగించినట్టు.

పెర్సిమన్ పళ్ళ కోసం నవంబరులో నిచ్చెన ఎక్కాను.
చిటారు కొమ్మన ఒకే ఒక్క పండు.
అది ఇంకా అక్కడే ఉంది, పిట్టలు సగం తిన్నాయి.
కింద పడింది నేనే.

కుతైసీలో మా వీధిలో ఎవరినైనా అడగండి,
నర్గిజా చేయి తిరిగిన మనిషి అంటారు.
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి,
సెగకు కళ్ళు చికిలించి,
పడవలా సాగదీసిన పిండిని లోపలి గోడకు చరిచేదాన్ని.
చరిచీ చరచగానే అరచేయి తిప్పేయాలి.
లేకపోతే గోడ పిండిని వదిలి చేతిని పట్టుకుంటుంది.
ముప్పై ఒక్క ఏళ్ళు. రోజుకు రెండొందల రొట్టెలు.
గుణించకండి, నేను గుణించాను,
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ చేయి తిరగదు.

తమ్తాకు ఇరవై ఆరేళ్ళు.
గోళ్ళు పొట్టి, మాట ఇంకా పొట్టి.
ప్లాస్టిక్ కోణమానిని ముంజేతికి ఆనించి
"ముప్పై రెండు" అంటుంది,
బస్సు నంబరు చెప్పినట్టు.
మోచేతిని పక్కటెముకలకు అదిమి
చంకలో మడిచిన పేపరు పెడుతుంది.
"భుజంతో దొంగాట ఆడితే ఇది పడిపోతుంది."
పడింది.
మొదటి రోజు పదకొండుసార్లు పడింది.
ఇన్నేళ్ళూ నా పని సగం
భుజమే చేసిపెట్టిందన్న సంగతి
ఒక పాత పేపరు చెబితే తెలిసింది.

ఆకుపచ్చ ముద్ద ఒకటి ఇచ్చింది పిసకమని.
నాకా, పిసకడం నేర్పేది!
పావుగంట పిసికాను.
ఎంత పిసికినా పొంగదు, వాసన లేదు,
ఉప్పు పడ్డ గుర్తు లేదు.
వేళ్ళు మాత్రం సాయంత్రానికి
పొంగిన పిండిలా అయ్యాయి.

ఇంటి దగ్గర సుత్తి.
తలకాయ దగ్గర పట్టుకుంటే తేలిక,
పిడి చివర పట్టుకుంటే బరువు.
వారానికి వేలెడంత కిందికి జరగాలట.
బల్ల అంచున ముంజేయి ఆనించి
అటు వాలుస్తాను, ఇటు వాలుస్తాను.
మేకు లేదు, కొట్టేది లేదు.
పైన ఉండే జూజునా తలుపు తీసుకుని వచ్చి
కాసేపు చూసి
ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది.

అన్నిటికంటే కష్టమైనది సుత్తి కాదు.
"చెయ్యి చాచండి. అరచేయి పైకి."
అంతే. పసిపిల్లలు చేసే పని.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
చీకటి ఉండగానే మా కొట్టు ముందు బారు తీరేవారు.
చాచిన చేతుల్లో వేడి రొట్టె పెట్టానే గానీ
ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగను.
ఆ మాట తమ్తాతో గొప్పగానే అన్నాను.
ఆమె కోణమాని చూస్తూ
"అందుకే రావట్లేదేమో, ఇంకో పదిసార్లు" అంది.

పొయ్యి దగ్గర ఇప్పుడు బెకా.
వాడి రొట్టెల కొనలు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు.
రెండు గోడ జారి బొగ్గుల్లో పడ్డాయి.
నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని
నోరు మూసుకునే వ్యాయామం కూడా చేస్తున్నాను.

నిన్న వలికో వచ్చాడు, ఎప్పటిలా రెండు రొట్టెలకు.
చిల్లర బల్ల మీద పెట్టబోయాడు.
"ఇక్కడ" అని కుడి చెయ్యి చాచాను.
అరచేయి ఇంకా ఏటవాలు, వాన కోసం కట్టిన చూరు.
మొదటి నాణెం జారింది. రెండోదీ జారింది.
ముసలాయన ఏమీ అనలేదు.
వంగి ఏరి, తుడిచి,
ఈసారి బొటనవేలి మొదట్లో,
ఆ చిన్న గుంటలో, పెట్టాడు.
ఇరవై తెత్రీల బిళ్ళ.
నిలిచింది.

నలభై ఒకటి అంది తమ్తా ఈ ఉదయం.
యాభై ఉండాలి నా లెక్కన.
గొడవ పడదామని భుజం ఎత్తానో లేదో
పేపరు పడింది.

మళ్ళీ.