నూట నలభయ్యో దినం

అల్ ఐన్ల ఎండ గోడ అవతల్నే ఆగిపోతది.
లోపట ఇరవై రెండు డిగ్రీలు, గొర్లకు.
నా రూముల ఏసీ కరాబై తొమ్మిది రోజులు.

పదిహేడో నంబరు
దాణా డబ్బా మూత తీసిన సప్పుడుకే తల తిప్పుతది.
దాని గుండెల ఒక గుడ్డపేలిక ఉన్నది.
గుడ్డ అంటే డాక్టర్ షమ్సా నవ్వుతది,
పాలిమర్ అనాలె అంటది.
సిరిసిల్లల పదకొండేండ్లు సాంచెలు నడిపినోన్ని,
నాకు చెప్తున్నది.
మూడు రెప్పలు, ఒక్కోటి చిటికెనవేలి గోరంత.
తెరుసుకుంటయి, మూసుకుంటయి,
నిమిషానికి తొంభై మాట్ల,
కరెంటు పోకుంట.

గొర్రెనే ఎందుకని అడిగిన.
రవూఫ్ సాబ్ చెప్పిండు, ఈజిప్టాయన, పశువుల డాక్టరు:
లేతగొర్రె నెత్తుర్ల సున్నం మస్తుంటదట.
మనిషి గుండెల పదిహేనేండ్లకు పేరుకునేది
దీని గుండెల అయిదు నెలలకే పేరుకుంటది.
ఎవలిదో ముసలితనాన్ని
ముందుగాల ఇది అనుభవించి చూపెట్టాలె.

పొద్దుమాపు స్టెతస్కోపు పెట్టి ఇంటున్న.
లోహపు వాల్వు టిక్కుటిక్కుమంటదట.
ఇది సప్పుడు చెయ్యది.
సప్పుడు చెయ్యని సాంచెను నేనెన్నడు నమ్మలే.

నూట ముప్పై తొమ్మిదో రాత్రి దానికి ఒక్కపొద్దు.
దాణా బంద్.
మూత తియ్యకుంటనే నా దిక్కు చూసింది.
"పండుగకు కాదు, కూరకు కాదు,
పొయ్యిల బూడిదకు" అన్నడు గుల్ జమీన్,
గడ్డపరక నములుకుంట.
ఫారం మీద సంతకం తెలుగుల పెట్టిన,
ఎవలికీ సదవరాకుంట.

తెల్లారి గిన్నెల, మందునీళ్ళల్ల, ఆ మూడు రెప్పలు.
ఎక్స్‌రేల మచ్చ లేదు. సున్నం రవ్వంత లేదు.
షమ్సా మేడం ఖర్జూరాలు పంచింది.
ఫొటోలు తీసుడు అయినంక గ్లౌజు ఇచ్చి
"సాకినోనివి, ముట్టి చూడు" అన్నది.

ముట్టకుంటే బాగుండు.
రెండో రెప్ప అంచు కాడ వేలు ఆగింది.
కుట్టు పక్కన ఒక పోగు జారి ఉన్నది.
కంటికి దొరకది. వేలికి దొరుకుతది,
తానుల తప్పు పడితే కూలి కోత పడ్డ వేలు ఇది.

చెప్పకుంటే ఎవలికి తెలుస్తది?
ఎన్నడో, ఏ ఊర్లనో,
ఒకామె నీళ్ళబిందె తోని మెట్లెక్కుకుంట ఆగుతది.
గంతే.

చెప్పిన.

మైక్రోస్కోపు కాడ చానాసేపు ఎవలూ మాట్లాడలే.
ఖర్జూరాల డబ్బా మూత పడ్డది.
రిపోర్టుల నా పేరు రాస్తమన్నరు,
రెండుసార్లు అడిగి రెండుసార్లు తప్పు రాసుకున్నరు.

రెండు నెలలకు లారీ వచ్చింది.
అంచు మడిచిండ్రట, అల్లిక మార్చిండ్రట,
మల్ల మొదట్నుంచి.
కొత్త గొర్లు పన్నెండు.
నా వేలు తెచ్చిన పన్నెండు.
పద్దెనిమిది నుంచి ఇరవై తొమ్మిది దాక
చెవులకు బిళ్ళలు కొట్టిన.
అలవాటు కావద్దని
దాణా డబ్బా మూత మెల్లగ తీసిన, బట్ట అడ్డం పెట్టి.

అయినా ఒకటి తల తిప్పింది.